హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరం? విమానంలో ఎంతసేపు?

(లెక్కలు, భూగోళం కలిపి చదవాల్సిన పాఠం)



మన గోడపత్రికలో కథలు, పొడుపుకథలు, సూక్తులు ఎప్పుడూ ఉంటాయి. లెక్కలు మాత్రం ఎవరూ రాయరు. లెక్క అంటే అందరికీ భయం. అందుకని ఈసారి నేను ఒక లెక్క రాస్తున్నాను. లెక్క ఒకటే. కానీ దాంట్లో అట్లాసు, పైథాగరస్ సిద్ధాంతం, కాలం-దూరం, సూర్యుడు అన్నీ వస్తాయి. చివరికి మన ఊళ్ళు కూడా వస్తాయి. ఓపిగ్గా చదవండి. పక్కన ఒక కాయితం, పెన్సిలు పెట్టుకుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరం? విమానంలో ఎంతసేపు పడుతుంది?

1. దూరం అంటే ఏ దూరం?

ముందు ఇది తేల్చుకోవాలి. ఒకే రెండు ఊళ్ళ మధ్య మూడు దూరాలు ఉంటాయి.

రోడ్డు దూరం: సుమారు 620 కి.మీ. (సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి మీదుగా)
రైలు దూరం: సుమారు 700 కి.మీ. (కాజీపేట, వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి, సామర్లకోట మీదుగా)
ఆకాశ దూరం: సుమారు 500 కి.మీ. (తిన్నగా)

చూశారా? రైలుకీ ఆకాశానికీ 200 కి.మీ. తేడా ఉంది. రైలు ముందు ఈశాన్యంగా కాజీపేట పోతుంది. అక్కడి నుంచి కిందికి దక్షిణంగా విజయవాడ దిగుతుంది. మళ్ళీ సముద్రం పక్కన పైకి ఈశాన్యంగా విశాఖ పోతుంది. అంటే కిందికి దిగి మళ్ళీ ఎక్కుతుంది అన్నమాట.

మరి తిన్నగా ఎందుకు పోదు? మధ్యలో గోదావరి ఉంది, పాపికొండలు ఉన్నాయి, తూర్పు కనుమలు ఉన్నాయి. రైలు పట్టా నిటారు కొండ ఎక్కలేదు. నదిని కూడా వంతెన కట్టడానికి వీలున్న చోటే దాటాలి. అందుకే రాజమండ్రి, కొవ్వూరు మధ్య దాటుతుంది. అక్కడ 1974లో కట్టిన రోడ్డు-రైలు వంతెన గురించి మనం విన్నాం కదా. విమానానికి కొండ అడ్డం లేదు, వాగు అడ్డం లేదు. అందుకే దాని దూరం తక్కువ.

2. ఆకాశ దూరం మనమే కట్టొచ్చు

500 కి.మీ. అని ఎవరో చెప్తే నమ్మడం ఒక పద్ధతి. మనమే కట్టుకుని చూసుకోవడం ఇంకో పద్ధతి. నాకు రెండోదే ఇష్టం. దీనికి అట్లాసు చాలు.

అట్లాసులో చూస్తే:
హైదరాబాద్: ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 23 నిముషాలు, తూర్పు రేఖాంశం 78 డిగ్రీల 29 నిముషాలు.
విశాఖపట్నం: ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 41 నిముషాలు, తూర్పు రేఖాంశం 83 డిగ్రీల 13 నిముషాలు.

(ఇక్కడ నిముషం అంటే గడియారం నిముషం కాదు. డిగ్రీలో 60వ వంతు.)

మొదటి మెట్టు: భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. చుట్టూ 360 డిగ్రీలు. 40,000ని 360తో భాగిస్తే 111 వస్తుంది. అంటే ఉత్తరం, దక్షిణం వైపు ఒక డిగ్రీకి 111 కి.మీ.

రెండో మెట్టు: అక్షాంశాల తేడా 18 నిముషాలు. అంటే 0.3 డిగ్రీ. 0.3 × 111 = 33 కి.మీ. విశాఖ హైదరాబాద్ కన్నా 33 కి.మీ. మాత్రమే ఉత్తరంగా ఉంది. అంటే రెండూ ఇంచుమించు ఒకే అడ్డగీత మీద ఉన్నాయి.

మూడో మెట్టు: రేఖాంశాల తేడా 4 డిగ్రీల 44 నిముషాలు. అంటే 4.73 డిగ్రీలు. దీన్ని కూడా 111తో గుణించకూడదు. ఎందుకంటే రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర దూరం దూరంగా ఉండి, ధ్రువాల దగ్గరికి పోయేసరికి కలిసిపోతాయి. బత్తాయి తొనల్లాగ. మన దగ్గర ఆ తొన ఎంత వెడల్పో తెలియాలి.

దానికి ఒక కిటుకు ఉంది. 10 సెం.మీ. గీత ఒకటి అడ్డంగా గీయండి. దాని ఎడమ కొన దగ్గర కోణమాపకం పెట్టి 17న్నర డిగ్రీలు గుర్తు పెట్టండి. ఆ కోణంలో ఇంకో 10 సెం.మీ. గీత గీయండి. ఆ రెండో గీత చివర నుంచి కిందికి నిలువుగా గీత దించండి. అది అడ్డగీతని ఎక్కడ తాకిందో అక్కడి వరకు స్కేలుతో కొలవండి. 9.5 సెం.మీ.కి కొంచెం పైన వస్తుంది. అంటే మన అక్షాంశం దగ్గర తొన వెడల్పు పదికి తొమ్మిదిన్నర వంతులన్నమాట. 111లో అంత తీసుకుంటే సుమారు 106 కి.మీ. (పదో తరగతిలో త్రికోణమితి వస్తే ఇదే లెక్క గీత గీయకుండా చేసేయొచ్చు.)

4.73 × 106 = 501 కి.మీ.

నాలుగో మెట్టు: తూర్పుకి 501, ఉత్తరానికి 33. ఇవి లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. మనకి కావాల్సింది కర్ణం. పైథాగరస్ సిద్ధాంతం:
501 × 501 = 2,51,001
33 × 33 = 1,089
రెండూ కలిపితే 2,52,090. దీని వర్గమూలం సుమారు 502.

జవాబు: 502 కి.మీ.

ఇక్కడ ఒక వింత ఉంది. 33 కి.మీ. పక్కకి జరిగినా మొత్తం దూరం ఒక్క కి.మీ. మాత్రమే పెరిగింది! కొంచెం పక్కకి జరిగితే పెద్ద నష్టం లేదు. కిందికి దిగి మళ్ళీ ఎక్కితేనే 200 కి.మీ. పెరుగుతుంది.

గుర్తుంచుకోండి: ఓడల వాళ్ళు, విమానాల వాళ్ళు నాటికల్ మైలు అని వాడతారు. అది 1.852 కి.మీ. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందంటే, అక్షాంశంలో ఒక నిముషమే ఒక నాటికల్ మైలు. మన 18 నిముషాలు అంటే 18 నాటికల్ మైళ్ళు. 18 × 1.852 చేయండి. మళ్ళీ 33 కి.మీ. వస్తుంది.

3. ఆ గీత ఎవరి మీదుగా పోతుంది?

నేను అట్లాసు మీద స్కేలు పెట్టి హైదరాబాద్ నుంచి విశాఖకి పెన్సిలు గీత గీశాను. (మెల్లిగా గీశాను, తర్వాత చెరిపేశాను. లైబ్రరీ పుస్తకం పాడు చేయలేదు.) ఆ గీత ఏయే ఊళ్ళ దగ్గరగా పోయిందో చూడండి:

కొత్తగూడెం – కూనవరం – మారేడుమిల్లి – నర్సీపట్నం – అనకాపల్లి.

కూనవరం అంటే శబరి నది వచ్చి గోదావరిలో కలిసే చోటు. మారేడుమిల్లి అంటే మన అడవి, మన ఘాట్ రోడ్డు. అంటే రెండు పెద్ద పట్నాలకి మధ్య తిన్నని దారి మన ఏజెన్సీ నెత్తి మీదుగానే ఉంది! నిజంగా విమానాలు అచ్చం స్కేలు గీత మీదే పోవు. కింద నుంచి కంట్రోలు వాళ్ళు ఏ దారిలో రమ్మంటే ఆ దారిలో రావాలి. ఐనా మనం పైకి చూసినప్పుడు కనపడే తెల్ల చార మనకి దూరం దేశపుది కాదు అని తెలుసుకోవాలి.

కూనవరం నుంచి మారేడుమిల్లికి తిన్నగా సుమారు 50 కి.మీ. విమానం దాన్ని నాలుగు నిముషాల లోపే దాటేస్తుంది. మనం కిందన చింతూరు మీదుగా ఘాట్‌లో తిరిగి తిరిగి రావాలి. వాంతులు ఐయ్యేవాళ్ళకి ఆ దారి ఎంత పొడుగో బాగా తెలుసు.

4. ఇక విమానానికి ఎంతసేపు?

జెట్ విమానం పైకి ఎక్కాక గంటకి సుమారు 800 కి.మీ. వేగంతో పోతుంది. మరి లెక్క సులువే కదా?

కాలం = దూరం ÷ వేగం
500 ÷ 800 = 0.625 గంట = 37న్నర నిముషాలు.

కానీ టైంటేబుల్లో చూస్తే 1 గంట 10 నిముషాల నుంచి 1 గంట 20 నిముషాల వరకు ఉంటుంది. ఇంచుమించు రెట్టింపు! లెక్క తప్పా? లెక్క తప్పు కాదు. మనం అనుకున్నది తప్పు. మొదటి నుంచి చివరి దాకా 800 వేగమే ఉంటుందని అనుకున్నాం. అలా ఉండదు.

విమానం తలుపు వేసుకున్నాక ముందు నేల మీద మెల్లిగా నడుస్తుంది. రన్‌వే దగ్గర తన వంతు కోసం ఆగుతుంది. పైకి లేచాక అంత ఎత్తు ఎక్కడానికి చాలా నిముషాలు పడుతుంది. అప్పుడు వేగం తక్కువ. మళ్ళీ దిగేటప్పుడు చాలా ముందు నుంచే వేగం తగ్గించుకుంటూ రావాలి. దిగాక మళ్ళీ నేల మీద నడక. ఇవన్నీ కలిపే టైంటేబుల్లో రాస్తారు. దగ్గర ఊళ్ళకి పోయే విమానం ఎక్కడం, దిగడంలోనే సగం కాలం గడిపేస్తుంది.

అంత ఎత్తు ఎందుకు ఎక్కుతుంది? జెట్ విమానాలు 30,000 అడుగుల పైనే పోతాయి. 35,000 అడుగులు అంటే పది కి.మీ. పైమాటే. ఎవరెస్టు శిఖరం 8,849 మీటర్లు. దానికన్నా ఎత్తు. అక్కడ గాలి పల్చన. గాలి పల్చగా ఉంటే విమానాన్ని వెనక్కి పట్టుకునేది తక్కువ. అందుకని నూనె తక్కువ ఖర్చవుతుంది. మబ్బులు, వానలు కూడా చాలా వరకు కిందే ఉండిపోతాయి.

ఫ్యాను రెక్కలు తిరిగే చిన్న విమానాలు కూడా ఉన్నాయి. వాటి వేగం గంటకి సుమారు 500 కి.మీ. ఐనా దగ్గర ఊళ్ళకి వాటికీ, జెట్‌కీ పెద్ద తేడా రాదు. ఎందుకో పై పేరా చదివినవాళ్ళకి తెలిసిపోయి ఉంటుంది.

మీకు తెలుసా? 1903 డిసెంబర్ 17న రైట్ సోదరులు మొట్టమొదట విమానం ఎగరేసినప్పుడు అది 12 సెకండ్లు ఎగిరి 120 అడుగులు పోయింది. అంటే సెకండుకి 10 అడుగులు. గంటకి 11 కి.మీ. మన హాస్టల్లో పరుగు పందెం గెలిచే అక్కలు దానికన్నా జోరుగా పరిగెత్తగలరు!

5. గాలి సంగతి

ఎనిమిదో తరగతి నుంచి మనం పడవ-ప్రవాహం లెక్కలు చేస్తున్నాం. విమానానికి కూడా అదే లెక్క. గోదావరిలో లాంచీ కిందికి పోతే తొందరగా పోతుంది, ఎదురు వస్తే ఆలస్యం అవుతుంది. పైన గాలి కూడా ఏరు లాంటిదే.

విమానం వేగం 800, గాలి వేగం 50 అనుకుందాం.
గాలి వెనక నుంచి తోస్తే: 800 + 50 = 850. 500 కి.మీ.కి సుమారు 35 నిముషాలు.
గాలి ఎదురైతే: 800 – 50 = 750. 500 కి.మీ.కి 40 నిముషాలు.

తేడా 5 నిముషాలు. విశాఖకి ఐతే ఇంతే. పది పన్నెండు గంటలు పోయే దూర దేశాలకి ఈ తేడా గంటలలోకి పోతుంది. అందుకే పోవడానికి ఒక కాలం, రావడానికి ఒక కాలం రాసి ఉంటుంది.

6. ఇంటి నుంచి ఇంటికి

విమానంలో గంటంబావు అని వింటే భలే తొందర అనిపిస్తుంది. కానీ మనిషి బయల్దేరేది విమానాశ్రయం నుంచి కాదు కదా. ఇంటి నుంచి. హైదరాబాద్‌లో 2008 మార్చి వరకు విమానాలు ఊళ్ళోనే బేగంపేటలో దిగేవి. తర్వాత ఊరికి దూరంగా శంషాబాద్‌లో కట్టారు. ఇలా లెక్క వేశాను:

ఇంటి నుంచి శంషాబాద్: 1 గంట
విమానానికి ముందు తనిఖీలు, ఎదురుచూపు: 2 గంటలు
విమానం: 1 గంట 15 నిముషాలు
దిగాక పెట్టె తీసుకుని బయటికి: 30 నిముషాలు
అక్కడి నుంచి ఇంటికి: 30 నిముషాలు
మొత్తం: 5 గంటల 15 నిముషాలు.

500ని 5.25తో భాగిస్తే గంటకి 95 కి.మీ. 800 ఎక్కడ, 95 ఎక్కడ!

రైలుతో పోల్చండి. 2023 జనవరి 15న సికింద్రాబాద్, విశాఖ మధ్య వందే భారత్ రైలు మొదలైంది. మొదలైనప్పుడు 699 కి.మీ.కి 8 గంటల 30 నిముషాలు పెట్టారు. అంటే సగటున గంటకి 82 కి.మీ. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తోంది. అది సాయంత్రం ఎక్కితే పొద్దున్న దింపుతుంది. నిద్రలో పోయే కాలం కాబట్టి పెద్దవాళ్ళు దాన్నే ఇష్టపడతారు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. ఇంకా జోరైన విమానం తెచ్చారనుకోండి. గంటకి 1,000 కి.మీ. పోయేది. 500 కి.మీ.కి 30 నిముషాలు. పాతదానికి 37న్నర. మిగిలింది ఏడున్నర నిముషాలు. అదే ఎదురుచూపు రెండు గంటల నుంచి ఒక గంటకి తగ్గిస్తే? 60 నిముషాలు మిగులుతాయి.

సూత్రం: జోరుగా పోయే ముక్కని ఇంకా జోరు చేస్తే లాభం తక్కువ. నెమ్మదిగా ఉన్న ముక్కని సరిచేస్తే లాభం ఎక్కువ.

ఈ సూత్రం ఎర్ర ఇంకుతో రాశాను. ఎందుకో 8వ భాగంలో చెప్తాను.

7. సూర్యుడితో పందెం

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకి 15 డిగ్రీలు. ఒక డిగ్రీకి 4 నిముషాలు. హైదరాబాద్, విశాఖల తేడా 4.73 డిగ్రీలు. 4.73 × 4 = 19 నిముషాలు. అంటే విశాఖలో పొద్దు పొడిచిన 19 నిముషాలకి గానీ హైదరాబాద్‌లో పొడవదు. సాయంత్రం కూడా అంతే. విశాఖలో ముందు చీకటి పడుతుంది.

ఐనా రెండు చోట్లా గడియారం ఒకటే. ఎందుకంటే దేశమంతా 82న్నర డిగ్రీల రేఖాంశం కాలమే వాడతాం. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడ, తుని ప్రాంతాల దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి పడమట, విశాఖ దానికి తూర్పున ఉన్నాయి.

విశాఖ నుంచి హైదరాబాద్‌కి పోయే విమానం సూర్యుడితో పందెం వేస్తే? గంటకి 15 డిగ్రీలు, డిగ్రీకి 106 కి.మీ. అంటే సూర్యుడు మన మీద గంటకి 1,590 కి.మీ. పోతున్నట్టు. విమానానికి ఇంచుమించు రెట్టింపు. కాబట్టి పందెంలో సూర్యుడే గెలుస్తాడు.

8. సగటు వేగం, డోలీ

మన అమ్మమ్మల్ని దూరం ఎంత అని అడిగితే కి.మీ. చెప్పరు. ఒక పూట నడక, సంతకి పోయినంత దూరం, కేకేస్తే వినపడేంత దూరం అని చెప్తారు. పాత మనుషులు కోసు, ఆమడ అంటారు. చదువుకున్నవాళ్ళు వింటే నవ్వుతారు. కానీ ఆలోచించండి. విమానాల వాళ్ళు కూడా ఎన్ని గంటలు అనే అడుగుతారు. కొండ మీద 7 కి.మీ., తారు రోడ్డు మీద 7 కి.మీ. ఒకటి కాదు. అమ్మమ్మలు కాలంలో దూరం చెప్తే అది తెలివితక్కువ కాదు. అనుభవం.

కిందటేడు సెలవుల్లో మా ఊళ్ళో ఒక అక్కకి పురుటి నొప్పులు వచ్చాయి. మా ఊరికి రోడ్డు లేదు. వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీ చేశారు. నలుగురు మోశారు, నలుగురు మార్చుకున్నారు. మా అమ్మతో పాటు నేనూ వెంట నడిచాను. సెల్‌లో టైము చూస్తూనే ఉన్నాను. వాగు దాటేటప్పుడు అందరూ ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. లెక్క ఇది:

కొండ మీద నుంచి రోడ్డు వరకు: 7 కి.మీ., 2 గంటల 40 నిముషాలు (డోలీ)
రోడ్డు నుంచి ఆసుపత్రి వరకు: 24 కి.మీ., 50 నిముషాలు (అంబులెన్సు)
మొత్తం: 31 కి.మీ., 3 గంటల 30 నిముషాలు.

సగటు వేగం అంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించాలి. 31 ÷ 3.5 = గంటకి సుమారు 9 కి.మీ. (డోలీ వేగం 2.6, అంబులెన్సు వేగం 29. రెండూ కూడి సగం చేస్తే 15.8 వస్తుంది. అలా చేయకూడదు. పరీక్షలో దీనికే మార్కులు పోతాయి.)

అక్క దేవుడి దయ వల్ల క్షేమంగా ఉంది. బాబు ఇప్పుడు పాకుతున్నాడు.

ఇప్పుడు ఎర్ర ఇంకు సూత్రం ఇక్కడ పెట్టి చూడండి.

అంబులెన్సు రెట్టింపు జోరుగా పోతే: 50 నిముషాలు 25 అవుతాయి. మిగిలేది 25 నిముషాలు.
కొండ మీదికి రోడ్డు వేసి, బండి గంటకి 20 కి.మీ. మాత్రమే పోయినా: 7 కి.మీ.కి 21 నిముషాలు. మిగిలేది 2 గంటల 19 నిముషాలు.

అంతే లెక్క. ఎంత పెద్ద అంబులెన్సు ఇచ్చినా, ఆ 7 కి.మీ. అలాగే ఉంటే లాభం కొంచెమే. డోలీ దిగి వచ్చిన ఆ 2 గంటల 40 నిముషాల్లో హైదరాబాద్ నుంచి విశాఖకి విమానం పోయి, మళ్ళీ తిరిగి రావడానికి పైకి లేచి మన కొండల మీదుగా పోతూ ఉండొచ్చు. ఇది ఎవరినీ తిట్టడానికి రాయలేదు. లెక్క వచ్చింది కాబట్టి రాశాను.

9. దూరపు ఊళ్ళు, దారం, ఆడపిల్లలు

దగ్గర ఊళ్ళకి అట్లాసు మీద స్కేలు చాలు. దూర దేశాలకి చాలదు. ఎందుకంటే భూమి గుండ్రం, అట్లాసు కాయితం బల్లపరుపు. సైన్స్ గదిలో గ్లోబు ఉంది. దాని మీద బెంగుళూరు నుంచి అమెరికాలో ఉన్న శాన్ ఫ్రాన్సిస్కోకి దారం బిగించి పట్టుకోండి. దారం ఎటు పోతుంది? తూర్పుకీ కాదు, పడమటికీ కాదు. పైకి, ఉత్తర ధ్రువం వైపు పోతుంది! బిగిసిన దారమే దగ్గర దారి.

2021 జనవరి 9న శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం అలాగే ఉత్తర ధ్రువం మీదుగా బెంగుళూరు వచ్చింది. సుమారు 17 గంటలు పట్టింది. దాన్ని నడిపిన పైలట్లు నలుగురూ ఆడవాళ్ళే. జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్.

ఇంకొక పేరు కూడా రాసుకోండి. అనుప్రియా లక్రా. ఆమె ఒడిశాలో మల్కన్‌గిరి నుంచి వచ్చిన ఆదివాసీ అమ్మాయి. నాన్న పోలీసు హవల్దారు. 2019లో ఆమె విమానంలో కో-పైలట్ అయ్యింది. మల్కన్‌గిరి ఎక్కడో లేదు. మన చింతూరు దాటితే అటు పక్కనే ఉంది. అదే శబరి, అదే అడవి. ఆమె కూడా మన లాగే కాలం-దూరం లెక్కలు చేసే ఉంటుంది కదా.

10. మనం చేయాల్సిన పని

ఈ పాఠం చదివి ఊరుకోకూడదు. ఈ కాయితం పక్కన ఒక పెద్ద చార్టు అంటించాను. దాంట్లో గడులు గీశాను. ప్రతి అమ్మాయీ తన ఊరి గురించి ఇవి రాయాలి:

(అ) ఊరి నుంచి బండి వచ్చే రోడ్డు వరకు ఎన్ని కి.మీ.? ఎంతసేపు?
(ఆ) రోడ్డు నుంచి ఆసుపత్రి వరకు ఎన్ని కి.మీ.? ఎంతసేపు?
(ఇ) వానాకాలంలో ఎంతసేపు? వాగు ఎన్నిసార్లు దాటాలి?
(ఈ) మొత్తం సగటు వేగం ఎంత?

సగటు వేగం గంటకి 10 కి.మీ. కన్నా తక్కువ వచ్చిన ఊళ్ళకి ఎర్ర చుక్క పెడదాం. చార్టు నిండాక శుభ్రంగా ఇంకో కాయితం మీద రాసి, హెడ్మాస్టారు గారి ద్వారా ఐ.టి.డి.ఎ. పెద్దసార్లకి ఇద్దామని నా కోరిక. మాకు రోడ్డు లేదు అని నోటితో చెప్తే ఒక మాట. లెక్క కట్టి చూపిస్తే ఇంకో మాట. వార్డెన్ మేడం గారు అనుమతి ఇవ్వాలని కోరుతున్నాను. కి.మీ. తెలియని వాళ్ళు దసరా సెలవులకి పోయినప్పుడు టైము చూసి రాసుకుని రండి. చిన్న తరగతుల చెల్లెళ్ళకి భాగాహారం నేను చేసి పెడతాను.

అభ్యాసం

1. విజయవాడ ఉత్తర అక్షాంశం 16 డిగ్రీల 31 నిముషాలు, తూర్పు రేఖాంశం 80 డిగ్రీల 39 నిముషాలు. హైదరాబాద్ నుంచి ఆకాశ దూరం ఎంత? (డిగ్రీ వెడల్పు 106 అనే తీసుకోండి.)

2. హైదరాబాద్, విజయవాడల్లో ఎక్కడ ముందు పొద్దు పొడుస్తుంది? సుమారు ఎన్ని నిముషాలు ముందు?

3. ఒక అమ్మాయి 6 కి.మీ. కొండని గంటకి 2 కి.మీ. వేగంతో ఎక్కి, గంటకి 4 కి.మీ. వేగంతో దిగింది. సగటు వేగం ఎంత? (జవాబు 3 కాదు. జాగ్రత్త!)

4. విమానం వేగం 800 కి.మీ., ఎదురుగాలి 100 కి.మీ. 1,400 కి.మీ. పోవడానికి ఎంతసేపు?

జవాబులు వచ్చే నెల గోడపత్రికలో రాస్తాను. ముందుగా నాలుగూ చేసి చూపించినవాళ్ళ పేర్లు కూడా రాస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని, ఆశ్రమ పాఠశాల